మంచు రోడ్డు మీద రియర్ వీల్ డ్రైవ్ కారు: వరంగల్ నుంచి వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

కొత్త ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని చూస్తాం. కారు దగ్గరికొచ్చేసరికి, అది కూడా మంచు పడే ఊళ్లో కొనాల్సి వచ్చేసరికి, అందరూ అడిగేది ఒక్కటే స్పెక్: "ఫ్రంట్ వీలా, రియర్ వీలా, ఆల్ వీలా?" ఆ ప్రశ్న తప్పేం కాదు. కానీ ముందు అడగాల్సింది అది కాదు. ఎందుకో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

వరంగల్‌లో మంచు ఎక్కడుంది, ఈ టాపిక్ ఎందుకు అంటారా? డిసెంబర్‌లో భద్రకాళి చెరువు మీద పొగమంచు కమ్మితేనే మనం ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటాం, నిజమే. కానీ మన హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలోంచి ఏటా ఎమ్మెస్ కోసం అమెరికా ఫ్లైట్ ఎక్కేవాళ్లు తక్కువేం లేరు. ఆగస్టులో దిగుతారు, నవంబర్ వచ్చేసరికి చాలా రాష్ట్రాల్లో మంచు మొదలవుతుంది. అంటే మూడు నెలలే టైమ్. ఈ మూడు నెలల్లోనే సెకండ్ హ్యాండ్ కారు కొంటారు, లైసెన్స్ తీసుకుంటారు. మంచు మీద ప్రాక్టీస్ మాత్రం జీరో.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ల కింద మామూలు బడ్జెట్ కార్లలో దాదాపు కనుమరుగైన రియర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ కార్ల పుణ్యమా అని మళ్లీ వచ్చింది. టెస్లా మోడల్ 3 బేస్ వేరియంట్ రియర్ వీల్ డ్రైవే. మన దగ్గర మహీంద్రా బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ కూడా అంతే. మోటార్ వెనక యాక్సిల్ దగ్గర పెట్టడం ఎలక్ట్రిక్ కారులో సులువు కాబట్టి ఈ ట్రెండ్ ఇప్పట్లో ఆగదు.

మా బాబాయి కొడుకు పోయిన అక్టోబర్‌లో మిషిగన్ నుంచి వాట్సాప్‌లో ఒక కారు ఫొటోలు పంపాడు. "అన్నా, ఈ బండి తీసుకోవచ్చా? రేటు మస్తు తక్కువున్నది. కానీ రియర్ వీల్ అంట, మంచులో పనికిరాదు అంటున్నరు." నేను డెట్రాయిట్ పక్కన నోవైలో ఉన్న రెండు చలికాలాలూ రియర్ వీల్ డ్రైవ్ సెడానే నడిపాను. అందుకే వాడికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

రియర్ వీల్ డ్రైవ్ మనకు కొత్తేం కాదు

స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి మన రోజువారీ కార్లలో ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది. వాటికి అలవాటు పడ్డవాళ్లు రియర్ వీల్ అంటే ఏదో రేసింగ్ కారు అనుకుంటారు. కానీ మీరు ఇంటర్ నుంచి నడుపుతున్న బైక్ రియర్ వీల్ డ్రైవే. మిమ్మల్ని కాలేజీకి తీసుకెళ్లిన ఆటో కూడా, బొలెరో కూడా. పొలంలో దమ్ము చేసే ట్రాక్టర్‌కి కూడా బలమంతా వెనక చక్రాల్లోనే.

ఇసుక పడ్డ మూలమలుపులో బైక్ వంచి, అదే టైమ్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. వెనక చక్రం పక్కకి జారుతుంది. మంచు మీద రియర్ వీల్ కారు చేసేది కూడా సరిగ్గా అదే. ముందు భాగం మీరు తిప్పిన వైపే వెళ్తుంది, వెనక భాగం మాత్రం బయటికి కొట్టుకుపోతుంది. దీన్ని ఓవర్‌స్టీర్ అంటారు. ఫ్రంట్ వీల్ కారు దీనికి రివర్స్. స్టీరింగ్ తిప్పినా తిరగకుండా నేరుగా ముందుకే పోతుంది. అది అండర్‌స్టీర్. రెండూ ప్రమాదమే. కాకపోతే అండర్‌స్టీర్‌లో కాలు తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఓవర్‌స్టీర్‌లో డ్రైవర్ చేతులు కూడా త్వరగా స్పందించాలి. రియర్ వీల్‌కి చెడ్డపేరు రావడానికి కారణం ఇదే.

మంచు అంటే ఎంత జారుడు? లెక్క చూద్దాం

వానాకాలం పంట కోతల తర్వాత మన పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు, మక్కలు ఆరబోస్తారు కదా. వాటి మీద బ్రేక్ కొట్టినవాళ్లకి మంచు గురించి సగం అర్థమైనట్టే. టైరు ఆగుతుంది, బండి ఆగదు.

ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, పొడి తారు రోడ్డు మీద టైరుకి ఉండే ఘర్షణ గుణకం సుమారు 0.7. తొక్కుడు పడి గట్టిపడ్డ మంచు మీద సుమారు 0.2. గడ్డకట్టిన ఐస్ మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములాలో ఈ నంబర్లు వేయండి. గంటకు 50 కిలోమీటర్ల స్పీడులో బ్రేక్ నొక్కితే:

పొడి రోడ్డు మీద దాదాపు 14 మీటర్లలో ఆగుతుంది.
మంచు మీద దాదాపు 49 మీటర్లు పోతుంది.
ఐస్ మీద దాదాపు 98 మీటర్లు పోతుంది.

బ్రేక్ మీద కాలు పడేలోపు పోయే దూరం ఇందులో లేదు. 98 మీటర్లంటే దాదాపు ఒక ఫుట్‌బాల్ గ్రౌండ్ పొడవు. ఈ లెక్కలో ఏ చక్రాలు కారుని నడుపుతున్నాయి అన్న మాటే లేదని గమనించారా? బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆల్ వీల్ డ్రైవ్ కారు కదలడానికి, గుట్ట ఎక్కడానికి సాయం చేస్తుంది. ఆగడానికి ఏ సాయమూ చేయదు. మంచు పడ్డ రోజు హైవే పక్కన గుంతల్లో పడి ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీలను నేను చాలాసార్లు చూశాను. బండి హాయిగా పికప్ అందుకుంటుంది కాబట్టి రోడ్డు బాగానే ఉందనిపిస్తుంది. అసలు సంగతి బ్రేక్ నొక్కినప్పుడే తెలుస్తుంది.

అమెరికా ఫెడరల్ హైవే విభాగం లెక్కల ప్రకారం మంచు, ఐస్ ఉన్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు. అక్కడే పుట్టి పెరిగి, పదహారేళ్ల నుంచి మంచులో నడుపుతున్నవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గ్రిప్ అంటే డేటా ప్యాక్ లాంటిది

మీ ఫోన్‌లో రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉందనుకోండి. రీల్స్ చూసినా, గేమ్ ఆడినా, హాట్‌స్పాట్ ఇచ్చినా అందులోంచే పోవాలి. టైరు గ్రిప్ కూడా అంతే. యాక్సిలరేటర్‌కి, బ్రేక్‌కి, మలుపు తిరగడానికి, మూడింటికీ కలిపి ఒకటే కోటా. పొడి రోడ్డు మీద ప్యాక్ పెద్దది కాబట్టి మూడూ ఒకేసారి వాడినా నడిచిపోతుంది. మంచు మీద ఆ ప్యాక్‌లో మూడో వంతు కూడా మిగలదు.

రియర్ వీల్ కారులో ముందు టైర్లు తిప్పే పని మాత్రమే చూసుకుంటాయి. ఇది నిజానికి ప్లస్ పాయింట్. కానీ వెనక టైర్లు బండిని తోయాలి, వెనక భాగం పక్కకి పోకుండా పట్టుకోవాలి కూడా. మలుపులో ఉండగా కాలు గట్టిగా నొక్కితే కోటా మొత్తం తోయడానికే ఖర్చయిపోతుంది. పట్టుకోవడానికి ఏమీ మిగలదు. రూల్ సింపుల్: ఒక టైమ్‌లో ఒక పనే. ముందు బ్రేక్ వేసి స్పీడ్ తగ్గించుకోండి, బ్రేక్ వదిలేసి మలుపు తిరగండి, స్టీరింగ్ నేరుగా అయ్యాక యాక్సిలరేటర్ ఇవ్వండి.

అసలు స్పెక్: టైర్లు

కారుని రోడ్డుకి కలిపేది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. మీ కారులో ఎన్ని సెన్సర్లున్నా, ఎంత పవర్ ఉన్నా అన్నీ ఆ నాలుగు అరచేతుల గుండానే పనిచేయాలి.

మామూలు సమ్మర్ టైరు రబ్బరు చలికి గట్టిపడుతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కింద దాని పట్టు బాగా తగ్గుతుంది, మంచు లేకపోయినా సరే. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. దాని మీద సన్నని గీతల్లాంటి వందల చీలికలుంటాయి, అవి మంచుని పట్టుకుంటాయి. కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు వెతకండి. మంచు మీద పట్టుకి సంబంధించిన టెస్ట్ పాసైన టైరుకే ఆ గుర్తు ఇస్తారు. "ఎం ప్లస్ ఎస్" అని ఒక్కటే ఉంటే సరిపోదు, దానికి అలాంటి టెస్ట్ ఏమీ అక్కర్లేదు.

రియర్ వీల్ కదా, వెనక రెండే మారిస్తే చాలు అని డబ్బులు మిగుల్చుకోవాలనిపిస్తుంది. అలా చేయొద్దు. ఆపే పనిలో ఎక్కువ భాగం, తిప్పే పని మొత్తం ముందు టైర్లదే. నాలుగూ ఒకే రకం ఉండాలి. వేరే రిమ్ములతో కలిపి ఒక సెట్ కొనుక్కుంటే నవంబర్‌లో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మార్చుకోవచ్చు. ఒక సెట్ ఆడుతున్నప్పుడు రెండోది అరగదు కాబట్టి ఖర్చు కొంత తిరిగొచ్చినట్టే.

గాలి కూడా చూసుకోండి. దాదాపు ప్రతి 5.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుదలకి టైరులో ఒక పీఎస్ఐ తగ్గుతుంది. 20 డిగ్రీల్లో సరిగ్గా నింపిన టైరు మైనస్ 10కి వచ్చేసరికి ఐదు పీఎస్ఐ పైనే కోల్పోతుంది. పొద్దున్నే డాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ లైట్ వెలిగితే సెన్సర్ పాడైందనుకుని వదిలేయకండి.

మా తమ్ముడికి చెప్పింది ఇదే: "ఆ కారు తీసుకో, కానీ బడ్జెట్‌లో నాలుగు వింటర్ టైర్ల డబ్బులు ముందే పక్కన పెట్టు. అవి పెట్టలేకపోతే ఇంకా చవక బండి చూడు, టైర్లు మాత్రం వదలకు." వింటర్ టైర్లున్న రియర్ వీల్ కారు, అరిగిపోయిన టైర్లున్న ఆల్ వీల్ కారు కంటే తొందరగా ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎంతవరకు కాపాడుతుంది?

మన సైట్ రీడర్లకి ఇష్టమైన పార్ట్ ఇది. ట్రాక్షన్ కంట్రోల్ అంటే చక్రం ఊరికే తిరుగుతుంటే పవర్ తగ్గిస్తుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఇంకో అడుగు ముందుకేసి, మీరు స్టీరింగ్ తిప్పిన వైపుకీ బండి వెళ్తున్న వైపుకీ తేడా కనిపెట్టి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి బండిని సరిచేస్తుంది. అమెరికాలో 2012 మోడల్ ఇయర్ నుంచి కొత్త ప్యాసింజర్ కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. అందుకే సెకండ్ హ్యాండ్ రియర్ వీల్ కారు చూసేవాళ్లు 2012 కంటే పాతది తీసుకోకపోవడం మంచిది. తీసుకుంటే ఈ ఫీచర్ ఉందో లేదో కచ్చితంగా చెక్ చేయండి.

ఎలక్ట్రిక్ కార్లలో ఇది మరింత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మోటార్ టార్క్‌ని పెట్రోల్ ఇంజిన్ కంటే చాలా వేగంగా తగ్గించొచ్చు. బరువైన బ్యాటరీ కింద ఉండటం వల్ల వెనక చక్రాల మీద బరువు కూడా బాగానే ఉంటుంది. పాతకాలం రియర్ వీల్ పికప్‌ల వెనక ఇసుక బస్తాలు వేసుకునేవాళ్లు. ఈ కార్లకి ఆ అవసరం లేదు.

కానీ లిమిట్ గుర్తుంచుకోండి. సాఫ్ట్‌వేర్ ఉన్న గ్రిప్‌ని పంచగలదు, లేని గ్రిప్‌ని పుట్టించలేదు.

ఇంకొన్ని సెట్టింగ్స్:

క్రూయిజ్ కంట్రోల్ ఆఫ్. జారుడు రోడ్డు మీద వాడొద్దని దాదాపు ప్రతి కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

లేన్ అసిస్ట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. లేన్ గీతలు మంచు కింద ఉంటాయి, కెమెరా మీదా రాడార్ మీదా మంచు పేరుకుంటుంది.

స్పోర్ట్ మోడ్ వద్దు. చిల్, ఎకో, స్నో మోడ్‌లలో ఏది ఉంటే అది పెట్టండి.

రీజెనరేటివ్ బ్రేకింగ్ తగ్గించే ఆప్షన్ ఉంటే తగ్గించండి. సింగిల్ మోటార్ రియర్ వీల్ ఎలక్ట్రిక్ కారులో కాలు ఒక్కసారిగా తీసేస్తే వెనక చక్రాలకి మాత్రమే బ్రేక్ పడినట్టవుతుంది. మలుపులో ఇది జరిగితే తోక తిరగొచ్చు. ఆప్షన్ లేకపోతే కాలు మెల్లగా తీయడం అలవాటు చేసుకోండి.

రేంజ్ విషయానికొస్తే, 2019లో అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ ఐదు ఎలక్ట్రిక్ కార్లని మైనస్ 6.7 డిగ్రీల దగ్గర హీటర్ ఆన్ చేసి టెస్ట్ చేస్తే సగటున 41 శాతం రేంజ్ పడిపోయింది. బండి చార్జర్‌కి పెట్టి ఉండగానే యాప్‌లోంచి క్యాబిన్ వేడి చేసుకుని బయల్దేరండి.

నడిపేటప్పుడు

బయల్దేరేముందు కిటికీలు, లైట్లు, కారు పైకప్పు మీది మంచు మొత్తం దులపండి. పైకప్పు మీద వదిలేస్తే, బ్రేక్ వేసినప్పుడు అది జారి విండ్‌షీల్డ్ మీద పడుతుంది.

కదిలేటప్పుడు పెడల్ కింద కోడిగుడ్డు ఉందనుకుని నొక్కండి. చక్రం ఊరికే తిరిగితే ఇంకా గట్టిగా నొక్కొద్దు. వేడికి మంచు కరిగి, ఐస్‌గా మారి ఇంకా కూరుకుపోతుంది. దమ్ము పొలంలో ట్రాక్టర్ నడిపేవాళ్లని అడగండి, సరిగ్గా ఇదే చెప్తారు.

ముందు బండికి మామూలుగా వదిలే గ్యాప్‌కి మూడింతలు వదలండి. గుట్ట ఎక్కేముందే కాస్త స్పీడ్ అందుకుని, మధ్యలో ఆపకుండా ఒకే వేగంతో ఎక్కండి. దిగేటప్పుడు లో గేర్‌లో నెమ్మదిగా దిగండి. వంతెనల కింద కూడా చల్లగాలి ఆడుతుంది కాబట్టి, అవి రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. తారు తడిగా మెరుస్తుంటే అది నీళ్లో, కంటికి కనిపించని బ్లాక్ ఐసో చెప్పడం కష్టం. ఐస్ అనే అనుకోండి.

వెనక భాగం జారిందా? మూడు పనులు, ఈ వరుసలోనే. ఒకటి, మీరు వెళ్లాల్సిన వైపు చూడండి, గుద్దుకుంటానేమో అనుకున్న చెట్టు వైపు కాదు. చేతులు కళ్ల వెంటే పోతాయి. రెండు, యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తగ్గించండి, బ్రేక్ జోలికి పోవద్దు. మూడు, స్టీరింగ్‌ని వెళ్లాల్సిన వైపు తిప్పండి. బండి సర్దుకోవడం మొదలైన వెంటనే స్టీరింగ్ నేరుగా తెచ్చేయండి. లేకపోతే వెనక భాగం ఇంకోవైపు కొడుతుంది. ఆ రెండో జారుడు మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది.

ఇది చదివితే రాదు, ఒళ్లుకి అలవాటు కావాలి. మొదటి మంచు పడ్డ ఆదివారం పొద్దున్నే, పర్మిషన్ ఉన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో, స్తంభాలు లేనిచోట, 20 కిలోమీటర్ల స్పీడులో ప్రాక్టీస్ చేయండి. బ్రేక్ గట్టిగా నొక్కితే ఏబీఎస్ ఎలా టకటకమంటుందో కాలికి తెలియనివ్వండి. నేను నోవైలో మొదటి మంచు పడ్డ వారం ఇలా గంటసేపు తిరిగాను. ఆ చలికాలానికి నేను చేసిన బెస్ట్ పని అదే.

ఇరుక్కుపోతే

2022 డిసెంబర్ క్రిస్మస్ టైమ్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో చుట్టుపక్కల వచ్చిన మంచు తుఫానులో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కొందరు కార్లలో ఇరుక్కుపోయినవాళ్లే. అందుకే ఈ పార్ట్ స్కిప్ చేయొద్దు.

పెట్రోల్ కారు మంచులో కూరుకుపోతే ఇంజిన్ ఆన్ చేసేముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. హీటర్ కాసేపు వేసి ఆపుతూ, ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. బండి వదిలి నడుచుకుంటూ వెళ్లొద్దు.

డిక్కీలో దుప్పటి, చిన్న పార, ఇసుక సంచి, నీళ్లు, తినడానికి ఏదైనా ఉంచండి. ఫోన్, పవర్ బ్యాంక్ మాత్రం జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. లిథియం బ్యాటరీ చలికి టక్కున పడిపోతుంది. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెప్పేది అందుకే. ఐఫోన్ 14 నుంచి వచ్చిన మోడల్స్‌లో అమెరికాలో సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు. దానికి డెమో మోడ్ ఉంది, ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి చూసుకోండి. మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

మనాలి ప్లాన్ చేసేవాళ్లకి

ఇండియాలో ఉంటూనే మంచు చూడాలని మనాలి, అటల్ టన్నెల్ దాకా సొంత బండిలో వెళ్లేవాళ్లు కూడా మనలో ఉన్నారు. మన దగ్గర వింటర్ టైర్లు దొరకడం కష్టం కాబట్టి స్నో చైన్లే దిక్కు. రియర్ వీల్ బండికి చైన్లు వెనక చక్రాలకి కట్టాలి, చూసి ముందు చక్రాలకి కట్టేవాళ్లుంటారు. కట్టాక 50 దాటొద్దు, మంచు అయిపోగానే విప్పేయాలి. కట్టడం ఇంటి ముందే ఒకసారి నేర్చుకోండి. అక్కడ వేళ్లు కొంకర్లు పోతాయి. మంచు బాగా పడ్డ రోజు ఫోర్ బై ఫోర్ బళ్లని, చైన్లున్న బళ్లనే పైకి వదులుతారు. పోలీసులు ఆపితే వాదించకుండా లోకల్ టాక్సీ మాట్లాడుకోండి.

ఫైనల్ వెర్డిక్ట్

రియర్ వీల్ డ్రైవ్ కారు మంచులో పనికిరాదా? పనికొస్తుంది. స్టెబిలిటీ కంట్రోల్, నాలుగు వింటర్ టైర్లు, మెత్తని కాలు ఉంటే చలికాలం మొత్తం నడపొచ్చు. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా కొనొద్దనే చెప్తా. మంచు బాగా కురిసే కొండ ప్రాంతంలో ఉంటూ, మీ వీధిలో మంచు తీయడానికి రోజంతా ఎవరూ రారు అంటే ఆల్ వీల్ డ్రైవ్‌కి వెళ్లండి. దానికీ వింటర్ టైర్లు వేయించుకోండి.

చివరిగా ఒక్క మాట. వెదర్ యాప్‌లో ఐస్ స్టార్మ్ అలర్ట్ వచ్చిన రోజు ఏ కారూ సేఫ్ కాదు. ఆ రోజు క్లాస్ పోయినా, పార్ట్ టైమ్ షిఫ్ట్ పోయినా పర్లేదు. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి, మేనేజర్‌కి ఫోన్ చేయండి, తాళంచెవి టేబుల్ మీదే ఉంచండి.